పసుపు, మందార, సున్నపు తేట: ఆమ్ల, క్షార, లవణాలను ఇంట్లోనే పరీక్షించి తెలుసుకునే విధానం

తాంబూలపు సున్నాన్ని పసుపులో కలిపితే పారాణి అవుతుందని, ఆ రెండింటినే నీళ్లలో కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు అవుతాయని రసాయన శాస్త్రం గడప తొక్కని తెలుగు ఇంటివారికి కూడా తెలుసు. ఆ ఎర్రనీళ్లలో నిమ్మచెక్క పిండితే రంగు తిరిగి పసుపులోకి మారుతుందన్న సంగతి మాత్రం చాలామంది గమనించి ఉండరు. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం, అవి రెండూ ఒకదానినొకటి అణచుకున్నాక నీళ్లలో మిగిలేది లవణం. పాఠ్యపుస్తకంలో మూడు వేరువేరు నిర్వచనాలుగా బట్టీపట్టే విషయం నిజానికి ఒకే లావాదేవీ అనీ, ఆ లావాదేవీని కంటితో చూడడమే కాక కొలవవచ్చుననీ చూపడానికి ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలు పెద్దల సమక్షంలో, పెద్దలు తమంతట తాము దీనిని చేయవచ్చు.

మొదలుపెట్టే ముందు

కావలసినవి: పసుపు, నాలుగైదు ఎర్ర మందార పువ్వులు, తాంబూలపు సున్నం, నిమ్మకాయలు, వెనిగర్, వంట సోడా, పటిక, ఉప్పు, కొద్దిగా సర్జికల్ స్పిరిట్, వడపోత కాగితం, సూది తీసేసిన 5 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు, తెల్లటి పింగాణీ కప్పులు. నీళ్లు ఏవైనా పనికిరావు. బోరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలే రంగును మార్చేస్తాయి కనుక వాన నీళ్లుగానీ, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ తెచ్చుకోవాలి.

జాగ్రత్తలలో మూడింటి విషయంలో రాజీ పడకూడదు. మొదటిది, స్నానాల గదులు కడిగే యాసిడ్‌ను ఈ ప్రయోగాలలోకి తేకూడదు. దానిని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, ఆ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రెండవది, సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆమ్లం పడినచోట కణజాలం గడ్డకట్టి కొంతవరకు తానే అడ్డుగోడ అవుతుంది, క్షారమైతే కణజాలాన్ని కరిగించుకుంటూ లోతుకు పోతుంది. అందుచేత కళ్లద్దాలు పెట్టుకోవాలి. పొరపాటున కంట్లో పడితే వెంటనే ధారగా పోసే నీళ్లతో కనీసం పావుగంట సేపు ఆపకుండా కడుగుతూ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మూడవది, ప్రయోగానికి వాడినది ఏదీ రుచి చూడకూడదు. ఆమ్లాలు పుల్లగా, క్షారాలు చేదుగా జారుడుగా ఉంటాయన్నది వంటింటి పదార్థాల మేరకు మాత్రమే చెల్లే మాట.

మొదటి మెట్టు: పసుపు కాగితాలు తయారుచేయడం

పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. అర చెంచా పసుపును రెండు చెంచాల స్పిరిట్‌లో కలిపి పది నిమిషాలు ఉంచి, పైకి తేరిన ద్రవాన్ని వడగట్టాలి. స్పిరిట్ చప్పున అంటుకుంటుంది కనుక పొయ్యికి దూరంగా ఈ పని చేయాలి. వచ్చిన ద్రవంలో సగాన్ని చిన్న సీసాలో దాచి, మిగతా సగంలో వడపోత కాగితాన్ని ముంచి నీడలో ఆరబెట్టి, వేలెడు వెడల్పు ముక్కలుగా కత్తిరించుకోవాలి. నేను మొదటిసారి వీటిని త్వరగా ఆరతాయని మేడమీద ఎండలో పరిచాను. సాయంత్రానికి కాగితాలు వెలిసిపోయాయి, సున్నం పూసినా ఎరుపు అంతంతమాత్రంగానే వచ్చింది. కర్కుమిన్ ఎండకు తట్టుకోలేదు. చొక్కా మీద పడిన సాంబారు మరక సబ్బు తగలగానే ఎర్రబడి, ఉతికి ఎండలో ఆరేస్తే క్రమంగా పోయేది కూడా ఇందువల్లనే.

పసుపు కాగితానికి ఒక పరిమితి ఉంది. అది క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది, ఆమ్లంలోనూ మంచినీళ్లలోనూ ఒకేలా పసుపుపచ్చగా ఉండిపోతుంది. కనుక పెరుగులో ముంచిన కాగితం మారలేదంటే పెరుగు ఆమ్లమని తేలినట్టు కాదు, క్షారం కాదని మాత్రమే తేలినట్టు.

ఇక్కడ కుంకుమ ప్రస్తావన తేకుండా ఉండలేను. పాత పద్ధతిలో కుంకుమను పసుపు కొమ్ములకు నిమ్మరసం, వెలిగారం (బోరాక్స్), పటిక పట్టించి చేసేవారు. నిమ్మరసం తగిలితే పారాణి ఎరుపు విరిగిపోతుంది గదా, మరి నిమ్మరసంతోనే తయారైన కుంకుమ ఎర్రగా ఎలా ఉంటుందన్నది చక్కటి సందేహం. వెలిగారంలోని బోరాన్ ఆమ్లం సమక్షంలో కర్కుమిన్‌తో కలిసి వేరే ఎర్రటి సమ్మేళనాన్ని ఏర్పరుస్తుంది. చూపుకు ఒకలాగే ఉన్న ఈ రెండు ఎరుపులకు కారణాలు వేరు.

రెండవ మెట్టు: మందార ద్రవం

ఆమ్లాన్ని పట్టించడానికి మందార కావాలి. రేకలను మాత్రమే తుంచి, అవి మునిగేటన్ని వేడినీళ్లు పోసి పావుగంట మూతపెట్టి వడగడితే ముదురు రంగు ద్రవం వస్తుంది. ఇది ఆమ్లంలో మెరిసే గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. ఒకటి రెండు రోజుల్లో పాడైపోతుంది కనుక ఏ రోజుకారోజు చేసుకోవడం మంచిది.

మూడవ మెట్టు: సున్నపు తేట

నిమ్మగింజంత తాంబూలపు సున్నం చాలదు. లీటరు వాన నీళ్లకు నిండు చెంచా సున్నం వేసి, మూత బిగించి, బాగా గిలకొట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లవారేసరికి అడుగున ముద్ద పేరుకుని, పైన నీళ్లు అద్దంలా తేరుకుంటాయి. అడుగు కదలకుండా ఆ తేటను మరో సీసాలోకి నిండుగా వంచి మూత పెట్టాలి. ముద్ద మిగిలిందంటే ఇక కరగడానికి చోటు లేనంత సున్నం నీళ్లలో కరిగిందని అర్థం. మన గది ఉష్ణోగ్రతల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 1.6 గ్రాముల సున్నం మాత్రమే కరుగుతుంది. అంటే మన చేతిలో ఉన్నది గాఢత తెలిసిన ద్రావణం, అదీ త్రాసు లేకుండానే. ఈ సంఖ్యతో మనకు ఐదవ మెట్టులో పని పడుతుంది.

తేటను కప్పులో పోసి గాలికి వదిలేస్తే కాసేపటికి పైన పల్చటి పొర కడుతుంది. స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డైఆక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే తిరిగి సున్నపురాయిగా మారుతోంది. బట్టీలో సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి బయటికి పంపిన వాయువునే మనం ఊది తిరిగి ఇస్తున్నాం. గోడకు వేసిన సున్నం రోజులు గడిచేకొద్దీ గట్టిపడేది కూడా గాలిలోని ఈ వాయువును పీల్చుకునే. ఊదడం ఆపకుండా కొనసాగిస్తే తెలుపు క్రమంగా తగ్గుతుంది, ఆ నీళ్లను మరగబెడితే మళ్లీ తెల్లబడుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పెచ్చు పుట్టుక అదే.

నాలుగవ మెట్టు: వంటింటిని రెండు పక్షాలుగా విడదీయడం

ఇప్పుడు ఒక్కొక్క పదార్థాన్ని కొద్ది నీళ్లలో కలిపి, ఒక చుక్క పసుపు కాగితం మీద, మరికొంత మందార ద్రవంలో వేసి రంగులు రాసుకోవాలి. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, పుల్లటి పెరుగులోని లాక్టిక్ ఆమ్లం మందారను గులాబీగా మారుస్తాయి, పసుపు కాగితాన్ని కదిలించవు. సున్నపు తేట, బట్టల సబ్బు కాగితాన్ని ఎర్రబరుస్తాయి. వంట సోడా దగ్గర మాత్రం కాగితం ఎర్రబడాలా వద్దా అన్నట్టు నారింజ ఛాయ దగ్గరే ఆగిపోతుంది. ఆ నారింజను తీసిపారేయవద్దు, ఆరవ మెట్టులో దాని సంగతి తేలుతుంది. ఉప్పు నీళ్లు రెండింటినీ మార్చవు.

ఈ రంగుల వెనుక ఉన్నది హైడ్రోజన్ అయాను. అయాను అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువుగానీ పరమాణువుల గుంపుగానీ. నీళ్లలో హైడ్రోజన్ అయాన్లను విడుదల చేసేది ఆమ్లమనీ, హైడ్రాక్సైడ్ అయాన్లను విడుదల చేసేది క్షారమనీ స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ వివరించాడు. అయాన్ల గురించి 1884లో ఆయన సమర్పించిన పరిశోధనా వ్యాసానికి ఆనాడు తక్కువ శ్రేణి దక్కింది. ఆ ఆలోచనకే 1903లో నోబెల్ బహుమతి లభించింది. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ వేరువేరుగా ఈ నిర్వచనాన్ని విస్తరించి, హైడ్రోజన్ అయానును ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం అన్నారు. పసుపు ఎర్రబడేది కూడా ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో భాగమే. సున్నం కర్కుమిన్ నుంచి హైడ్రోజన్ అయానును లాక్కుంటుంది, నిమ్మరసం దానిని తిరిగి ఇస్తుంది.

పీహెచ్ అనేది ఈ అయాన్ల గాఢతను చెప్పే కొలత. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ దీనిని ప్రవేశపెట్టాడు. 7 తటస్థం, అంతకు దిగువ ఆమ్లం, ఎగువ క్షారం. ఇందులో ఒక్కొక్క మెట్టు పది రెట్లని మరవకూడదు. పీహెచ్ 2 దగ్గర ఉండే నిమ్మరసానికీ, 4 దగ్గర ఉండే పుల్లటి పెరుగుకూ రెండే అంకెల తేడా కనిపించినా హైడ్రోజన్ అయాన్లలో అది నూరు రెట్ల తేడా. సున్నపు తేట పీహెచ్ 12 దాటుతుంది.

ఐదవ మెట్టు: పులుపును కొలవడం

అన్నింటికన్నా ఓపికగా చేయవలసినది, చేసినందుకు అన్నింటికన్నా తృప్తినిచ్చేది ఈ మెట్టే. ఒక వంతు వెనిగర్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పలచన చేయాలి. తెల్ల కప్పులో సిరంజితో సరిగ్గా 5 మిల్లీలీటర్ల సున్నపు తేట తీసుకుని, దాచిన పసుపు ద్రవం రెండు చుక్కలు వేస్తే ఇటుక రంగు ఎరుపు వస్తుంది. రెండో సిరంజిలో పలచటి వెనిగర్‌ను 5 గీత దాకా నింపి, ఒక్కొక్క చుక్కగా వదులుతూ కప్పును గుండ్రంగా తిప్పాలి.

మొదట్లో చుక్క పడినచోట పసుపుపచ్చటి మచ్చ మెరిసి, కప్పు తిప్పగానే ఎరుపులో కలిసిపోతుంది. సగం దాటాక ఆ మచ్చ కరగడానికి సమయం పడుతుంది. తర్వాత ఎరుపు నారింజగా పలచబడుతుంది. అక్కడి నుంచి చుక్కకు చుక్కకు నడుమ ఆగాలి. ఒక్క చుక్కతో కప్పు అంతా పసుపై అర నిమిషం పాటు అలాగే నిలిస్తే పని పూర్తయినట్టు. సిరంజిలో ఎంత ఖర్చయిందో చూసి రాసుకుని, మొత్తం ప్రయోగాన్ని మూడుసార్లు చేసి సగటు కట్టాలి. తేట గాలిని పీల్చుకుని బలం తగ్గిపోతుంది కనుక తాత్సారం చేయకూడదు.

లెక్క కష్టమేమీ కాదు. 5 మిల్లీలీటర్ల తేటలో ఉన్న సున్నం సుమారు 8 మిల్లీగ్రాములు. బరువు లెక్కన 74 భాగాల సున్నాన్ని తటస్థీకరించడానికి 120 భాగాల ఎసిటిక్ ఆమ్లం కావాలి, కనుక 8 మిల్లీగ్రాములకు సుమారు 13 మిల్లీగ్రాములు సరిపోతాయి. పలచటి వెనిగర్ 3.25 మిల్లీలీటర్లు ఖర్చయితే, 13ను 3.25తో భాగించగా మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు వస్తుంది. పది రెట్లు పలచన చేశాం కనుక అసలు వెనిగర్‌లో మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాములు, అంటే 4 శాతం. సీసా మీద ముద్రించిన శాతంతో దీనిని పోల్చి చూడండి. 2.6 మిల్లీలీటర్లకే పసుపు తిరిగితే అది 5 శాతం వెనిగర్. నిమ్మరసానికి కూడా ఇదే పద్ధతి, కాకపోతే సిట్రిక్ ఆమ్లపు అణువు ఒక్కొక్కటి మూడేసి హైడ్రోజన్ అయాన్లను ఇస్తుంది కనుక 13కు బదులు సుమారు 14 వేసుకోవాలి.

ఈ పని చేశాక బలానికీ గాఢతకూ ఉన్న భేదం తేలిగ్గా బోధపడుతుంది. ఎసిటిక్ ఆమ్లం బలహీన ఆమ్లం, దాని అణువులలో నూటికి ఒకటి రెండుకు మించి ఏ క్షణానా అయాన్లుగా విడిపోయి ఉండవు. అయినా సున్నం వచ్చి అడిగేసరికి ఉన్న హైడ్రోజన్ అయాన్లన్నీ ఒకదాని వెనుక ఒకటి బయటికి వచ్చి లెక్క అప్పజెబుతాయి. బలం అంటే ఎంత మేరకు విడిపోయే స్వభావమో, గాఢత అంటే నీళ్లలో ఎంత సరుకు ఉందో. పరీక్షలలో పిల్లలు ఈ రెండింటినీ తారుమారు చేయడం నేను ఎన్నోసార్లు చూశాను. సిరంజితో ఒక్కసారి కొలిచినవారు మళ్లీ ఆ పొరపాటు చేయరు.

ఆరవ మెట్టు: లవణాలు ఏ పక్షం

ఆమ్లం, క్షారం కలిసి తటస్థమయ్యాయి కనుక లవణాలన్నీ తటస్థమేనని అనుకోవడం సర్వసాధారణం. వంట సోడా లవణమే, అయినా కాగితాన్ని నారింజగా మార్చింది. కారణం దాని పుట్టుకలో ఉంది. బలమైన క్షారమైన సోడియం హైడ్రాక్సైడ్‌కూ, బలహీనమైన కార్బానిక్ ఆమ్లానికీ పుట్టిన లవణం క్షారం వైపు మొగ్గుతుంది. తల్లిదండ్రులలో బలమైనవారి పోలిక బిడ్డకు వస్తుందని గుర్తుంచుకుంటే చాలు. మనం తినే ఉప్పుకు మూలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ రెండూ బలమైనవే కనుక అది ఏ పక్షమూ కాదు.

పటిక ఆమ్లం వైపు లవణం. దీనిని మందారతో పరీక్షించవద్దు. పటికలోని అల్యూమినియం మందార రంగుతో తానే ముడిపడి ఊదా ఛాయ తెచ్చి తప్పుదారి పట్టిస్తుంది. బదులుగా చెంచా పటిక పొడిని అర కప్పు గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, వంట సోడా చిటికెడు వేయండి. బుసబుసమని నురగ పొంగుతుంది, జిగురులాంటి తెల్లటి మడ్డి తేలుతుంది. నురగ కార్బన్ డైఆక్సైడ్, మడ్డి అల్యూమినియం హైడ్రాక్సైడ్. గోదావరి, కృష్ణా కాలువల బురదనీళ్ల బిందెలో పటిక తిప్పితే నీళ్లు తేరుకునేది ఈ మడ్డి మట్టి రేణువులను చుట్టుకుని కిందికి దిగడం వల్లనే.

వంట సోడా నుంచి చాకలి సోడాను ఇంట్లోనే చేయవచ్చు. 84 గ్రాముల వంట సోడాను స్టీలు మూకుట్లో సన్నటి సెగ మీద కలుపుతూ అరగంటకు పైగా వేయించండి. అల్యూమినియం మూకుడు వాడకూడదు, చాకలి సోడా దానిని తినేస్తుంది. నీటి ఆవిరి, కార్బన్ డైఆక్సైడ్ బయటికి తన్నుకు రావడంతో పొడి నీళ్లు మరిగినట్టు కుతకుతలాడుతుంది. ఆ కదలిక పూర్తిగా ఆగాక చల్లార్చి తూచితే 53 గ్రాములకు దగ్గరగా తూగుతుంది. ఇది సోడియం కార్బొనేట్. దీని ద్రావణాన్ని పసుపు కాగితం మీద వేస్తే, వంట సోడాకు నారింజ దగ్గర ఆగిన కాగితం ఈసారి పారాణి ఎరుపుకు తిరుగుతుంది. ఈ పొడిని వంటకు వాడకూడదు, సీసా మీద పేరు రాసి ఉంచాలి.

ఏడవ మెట్టు: చేలోకి వెళ్లడం

చౌడు నేల అంటే మట్టిలో సోడియం పేరుకుపోయిన నేల. చాలా చోట్ల సోడియం కార్బొనేట్ కూడా ఉండి, పీహెచ్ 8.5 దాటుతుంది. చెలకలో ఐదారు చోట్ల పై గడ్డి తీసేసి, జానెడు లోతున వీ ఆకారంలో గుంట తీసి, పక్క గోడ నుంచి పై నుంచి కిందిదాకా పలుచగా మట్టి చెక్కి తీయాలి. అన్నిచోట్లవీ కలిపి, నీడలో ఆరబెట్టి, చెత్త ఏరి, ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల వాన నీళ్లు పోసి అరగంట కలుపుతూ తేరనివ్వాలి. ఎరువు గుట్టల పక్కన, గట్ల మీద, చెట్ల నీడన మట్టి తీయకూడదు. తేరిన నీళ్లలో పసుపు కాగితం ముంచి, ఒట్టి వాన నీళ్లలో తడిపిన మరో కాగితం పక్కన పెట్టి చూడాలి.

కాగితం ఎర్రటి గోధుమ ఛాయకు తిరిగితే నేల చౌడుబారుతోందని అనుమానించవచ్చు. మారకపోతే నేల బాగుందని నిశ్చింతగా ఉండడానికి లేదు, ఆమ్ల నేలలను పసుపు పట్టించదు. అనుమానం వచ్చిన నేలకు వేసే జిప్సం కూడా లవణమే, కాల్షియం సల్ఫేట్. దానిలోని కాల్షియం మట్టి రేణువులను పట్టుకున్న సోడియంను తోసి ఆ స్థానంలో కూర్చుంటుంది, తోసివేతకు గురైన సోడియం నీళ్లలో కరిగే సోడియం సల్ఫేట్‌గా మారుతుంది. ఆ తర్వాత మంచినీళ్లు నిలగట్టి, మురుగుకాలువ గుండా బయటికి తీసివేయకపోతే వేసిన జిప్సం వృథా అవుతుంది. ఎకరానికి ఎంత వేయాలన్నది రంగు చూసి చెప్పదగినది కాదు. అదే మట్టిలో అరకిలో గుడ్డ సంచిలో పోసి, సర్వే నంబరు, తీసిన తేదీ రాసిన చీటీ జతచేసి, వేసవిలో పంట లేనప్పుడే భూసార పరీక్షా కేంద్రానికి ఇచ్చి, అక్కడ చెప్పిన మోతాదు ప్రకారం వేయాలి.